ఎండల ఊర్లో క్రోషే: ఎర్రగడ్డల సంచితో మొదలుపెట్టండి

నేను క్రోషే, అంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో దారం అల్లే పని, నేర్చుకుని మొదట అల్లింది ఊలు శాలువా. కర్నూలులో. అదీ ఏప్రిల్ నెలలో.

ఎక్కడో మంచు కురిసే ఊర్లో కిటికీ పక్కన కూర్చుని ఒకావిడ అల్లుతున్న వీడియో చూసి ముచ్చటపడ్డాను. నాలుగు ఊలు ఉండలు కొనుక్కొచ్చి, ఫ్యాన్ కింద కూర్చుని, చేతి చెమటకి దారం సూదికి అతుక్కుంటున్నా వదలకుండా నెలన్నర అల్లాను. పూర్తయిన రోజు భుజాల మీద వేసుకుని అద్దం ముందు నిలబడితే రెండు నిమిషాలు కూడా ఉంచుకోలేకపోయాను. ఇప్పటికీ అది బీరువాలో కలరా ఉండల మధ్య భద్రంగా ఉంది. ఆ తర్వాత రెండేళ్లు సూది ముట్టలేదు. చేయి తిరగలేదని కాదు, అల్లి ఏం చేయాలో తెలియక.

మళ్ళీ పట్టించింది పక్కింటి అత్తయ్య. ఆమెది పాలకొల్లు వైపు. ఆ పక్కనే ఉన్న నరసాపురంలో, చుట్టుపక్కల ఊర్లలో ఆడవాళ్లు లేసు అల్లడం వంద సంవత్సరాలకు పైగా నడుస్తున్న పని. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే అక్కడే వేళ్ళూనుకుని విదేశాలకు ఎగుమతి అయ్యేదాకా వెళ్ళింది, 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అత్తయ్య నా శాలువా చూసి నవ్వలేదు, కుట్లు లెక్కపెట్టి "బానే అల్లావమ్మా" అంది. కాసేపాగి, "ఈ ఊళ్ళో ఇది ఎవరు కప్పుకుంటారండీ?" అని మా ఆయన్ని అడిగింది. ఆయన దగ్గర సమాధానం లేదు. మా వంటింట్లోకి వచ్చి చుట్టూ చూసి, మూలన ప్లాస్టిక్ సంచిలో చెమటపట్టి మొలకలొస్తున్న ఎర్రగడ్డలు చూపించి, "ఈ ఉల్లిపాయలకి ఒక జాలీ సంచి అల్లుకో" అంది. అక్కడ మొదలైంది నా రెండో క్రోషే. కాబట్టి నేను నేర్పేది కూడా అక్కడినుంచే.

కొనేముందు ఇల్లంతా ఒకసారి తిరగండి

సూది, దారం తర్వాత. ముందు ఒక కాగితం తీసుకుని ఇల్లంతా తిరిగి, అల్లికతో తీరే అవసరాలు ఐదారు రాయండి. అందంగా ఉండాల్సిన పని లేదు. మా ఇంట్లో నేను రాసుకున్నవి చెప్తాను: ఎర్రగడ్డల సంచి, పెరుగు గిన్నె మీద గాలాడే మూత, స్కూలుకు తీసుకెళ్ళే నీళ్ళ బాటిల్‌కు భుజాన వేసుకునే పట్టీ, పేరంటానికి తాంబూలం సంచులు, గుమ్మానికి తోరణం, వేడి గిన్నె దించుకునే మసిగుడ్డ. ఒక్కటి కూడా ఊలుతో చేసేది కాదని గమనించండి. ఆదోనిలో పత్తి మార్కెట్ పెట్టుకున్న జిల్లా మనది, ఇక్కడ నూలే న్యాయం. ఊలు అమ్మే అన్నలకు కోపమొస్తే రానీండి.

ఈ జాబితా ఎందుకంటే, క్రోషే మధ్యలో వదిలేసేవాళ్ళలో చానా మంది కుట్టు రాక వదలరు. వీడియోలో ఏది కనిపిస్తే అది అల్లి, ఆ బొమ్మ ఎలుగుబంటిని ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేస్తారు. నేనూ అదే బాపతు. ఏది అల్లాలో మీరే తేల్చుకున్నారంటే రంగు కూడా మీరే తేల్చుకుంటారు, కొలతా మీదే అవుతుంది, తప్పొస్తే ఎలా సర్దాలో కూడా మీకే తోస్తుంది.

సూది, దారం

కొక్కెం ఉన్న సూది మీద మిల్లీమీటర్లలో సైజు చెక్కి ఉంటుంది. నరసాపురం రకం సన్నటి లేసుకు వాడేవి 2 మిల్లీమీటర్ల కంటే సన్నటి స్టీలు సూదులు, అవి మొదట్లో వద్దు, కళ్ళు లాగుతాయి. 3.5 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది ఒక్కటి చాలు. దుకాణంలో సెట్ కొనమంటారు, పన్నెండు సూదులు, జిప్పు పర్సు, అవన్నీ చూస్తే చేయి ఆగదు, అయినా ఒక్కటే కొనండి.

దారం కాటన్‌ది తీసుకోండి, మరీ సన్నం కాకుండా అగ్గిపుల్లలో సగం లావుండేది. లేబుల్ మీద ఏ సైజు సూది సరిపోతుందో రాసి ఉంటుంది, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మీదే. రంగు లేతది తీసుకోండి. నల్లది, ముదురు నీలం కొన్నారంటే రాత్రి ట్యూబులైటు కింద కుట్టు ఎక్కడుందో కనపడక దారాన్ని కాకుండా మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. అక్రిలిక్ ఊలు చౌక, మెత్తన, నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది కానీ వేడి తగిలితే కరుగుతుంది, మసిగుడ్డకు, గిన్నెల కింద వేసేదానికి పొరపాటున కూడా వాడొద్దు. ఇస్త్రీ పెట్టె తగిలినా అంతే.

ఇవి కాక కావాల్సినవి కత్తెర, మొద్దు మొన ఉన్న దబ్బనం, నాలుగు పిన్నీసులు. కుట్టుకు గుర్తు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ క్లిప్పులు అమ్ముతారు గానీ పిన్నీసు ఆ పని ఇంకా బాగా చేస్తుంది, చీరకు ఎలాగూ ఉండనే ఉంటుంది.

చేతికి దారి చూపించడం

ఇక్కడ తొందర పడకండి. మొదటి మూడు రోజులు ఏ వస్తువూ రాదు, రాకూడదు కూడా.

దారం కొసకు ఒక జారుముడి వేసి సూదికి ఎక్కించండి. ఆ ఉచ్చు సూది మీద సులువుగా జరగాలి, బిగుసుకోకూడదు. ఎడమ చేతిలో దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి చూపుడు వేలి మీదుగా తీసుకుంటే దారం ఒకే బిగువులో వస్తుంది. అందరికీ ఇదే పట్టు కుదరదు, నాకు చిటికెన వేలు కాదు ఉంగరపు వేలు కుదిరింది. ఇప్పుడు దారాన్ని సూది మీదుగా వేసి, కొక్కెంతో పట్టి, ఉచ్చులోంచి లాగండి. అది ఒక చైన్. అలా వంద వేయండి. విప్పేయండి. మళ్ళీ వంద. ఉగ్గాని తిని టీ తాగే లోపల అయిపోతుంది. మొదటి గొలుసు ఒక చోట చీమంత, ఒక చోట ఈగంత వస్తుంది, మూడోసారికి అన్నీ ఒకే గింజల్లా పేరుకుంటాయి. చైన్ వేయడం కుదిరిందని తెలిసేది ఇలాగే.

తర్వాత సింగిల్. 16 చైన్లు వేయండి. సూది మీదున్న ఉచ్చును లెక్కపెట్టకుండా, సూది నుంచి రెండో చైన్‌లో సూది గుచ్చి, దారం పట్టి బయటికి లాగండి, సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం వేసి రెండిట్లోంచీ ఒకేసారి లాగేయండి. అది ఒక సింగిల్. కొసదాకా వేస్తే 15 వస్తాయి. 14 వచ్చినా 16 వచ్చినా విప్పి మళ్ళీ వేయండి. వరస అయ్యాక ఒక చైన్ వేసి, పని తిప్పి, మొట్టమొదటి కుట్టులోనే మొదలుపెట్టి వెనక్కి రండి. అలా 15 వరసలు.

డబుల్‌కి ఒక్క తేడా: సూది గుచ్చకముందే ఒకసారి దారం చుట్టుకోవాలి. గుచ్చి లాగితే మూడు ఉచ్చులుంటాయి. దారం వేసి రెండిట్లోంచి లాగండి, రెండు మిగులుతాయి, మళ్ళీ దారం వేసి ఆ రెండిట్లోంచి లాగండి. సింగిల్‌కి దాదాపు రెండింతల ఎత్తు వస్తుంది. దీని అభ్యాసానికి 17 చైన్లు వేసి సూది నుంచి నాలుగో దాంట్లో మొదలుపెట్టండి. వదిలేసిన మూడు చైన్లనూ ఒక డబుల్‌గా లెక్కేస్తే 15 వస్తాయి. అందరూ దెబ్బతినేది ఇక్కడే. తిరిగి వచ్చేటప్పుడు వేసే మూడు చైన్లు మొదటి డబుల్ కింద లెక్క కాబట్టి మొదటి కుట్టును వదిలి రెండో దాంట్లో గుచ్చాలి, వరస చివర ఆ పాత మూడు చైన్ల తలమీద ఒక డబుల్ వేయాలి. ఆ చివరిది మరిచిపోతే ప్రతి వరసకీ ఒకటి తగ్గుతూ మీ చదరం నెమ్మదిగా గాలిపటం అవుతుంది. నా మొదటి మసిగుడ్డ అలాగే త్రికోణంగా తేలింది.

స్లిప్ స్టిచ్ అంటే గుచ్చి, దారం పట్టి, అన్నిట్లోంచీ ఒకేసారి లాగేయడమే. దీనికి ఎత్తు ఉండదు, అతకడానికీ, ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరగడానికీ వాడతారు.

పేర్ల గొడవ ఒకటుంది, ముందే చెప్పడం మంచిది. అమెరికా వాళ్ళు సింగిల్ అన్నదాన్ని బ్రిటన్ వాళ్ళు డబుల్ అంటారు, అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. ఒక వీడియో చూసి ఒక పుస్తకం పట్టుకుంటే లెక్క మొత్తం తారుమారవుతుంది. నేను ఇక్కడ రాస్తున్నవన్నీ అమెరికా పేర్లే. ఈ తలనొప్పి లేకుండా ఉండాలంటే గుర్తులతో గీసిన బొమ్మలు చదవడం నేర్చుకోండి: చిన్న కోడిగుడ్డు ఆకారం చైన్, గుణకారం గుర్తు లేదా కూడిక గుర్తు సింగిల్, ఇంగ్లిష్ టీ అక్షరం మీద ఒక అడ్డగీత ఉంటే డబుల్, రెండు గీతలుంటే ట్రెబుల్, నల్లటి చుక్క స్లిప్ స్టిచ్. జపాన్ పుస్తకమైనా రష్యా పుస్తకమైనా ఇవి దాదాపు ఇలాగే ఉంటాయి, భాష రాకపోయినా ముగ్గు చూసి వేసినట్టు అల్లేయొచ్చు.

విప్పడం కూడా పనే

స్వెటర్లు అల్లే రెండు సూదుల అల్లికలో ఒక సూది జారితే పదుల కొద్దీ కుట్లు ఊడిపోతాయి. క్రోషేలో సాధారణంగా ఏ క్షణంలోనైనా ప్రాణంతో ఉండే ఉచ్చు ఒక్కటే. సూది తీసి దారం లాగితే కుట్టు వెనక కుట్టు వరసగా విప్పుకుంటూ పోతుంది, మీకు కావాల్సిన చోట ఆపి మళ్ళీ సూది దూర్చుకోవచ్చు. దీని విలువ నాకు చానా ఆలస్యంగా తెలిసింది. ఐదు వరసల కింద తప్పు కనిపిస్తే "ఎవరు చూస్తారులే" అని ముందుకు పోయేదాన్ని, కానీ అల్లినంతసేపూ నా కన్ను ఆ ఒక్క చోటికే పోయేది. అత్తయ్య చూసి చూసి ఒక రోజు సూది లాక్కుని సర్రున విప్పేసింది. నేను గుండె పట్టుకుని కూర్చున్నా. "దారం ఎక్కడికి పోయిందమ్మా, ఇదిగో ఉండ, నీ దగ్గరే ఉంది" అంది. నిజమే, పోయింది నా గంటన్నర మాత్రమే, ఆ గంటన్నర కూడా చేతికి ఎక్కే ఉంటుంది.

అందుకని మొదటి వారం రోజూ అల్లింది రోజూ విప్పమంటాను. పని ముగించేటప్పుడు సూది మీది ఉచ్చును కాస్త పెద్దది చేసి పిన్నీసు పెట్టండి, లేకపోతే పిల్లలో పిల్లో మీకన్నా ముందే విప్పేస్తారు.

టైము గురించి: మే నెలలో మధ్యాహ్నం అల్లకండి, చెమట చేతికి కాటన్ కూడా జిడ్డుగా తగులుతుంది. తెల్లారి ఆరు నుంచి ఎనిమిది లోపల, లేదా రాత్రి మిద్దె మీద గాలి తిరిగాక. అరగంటకోసారి సూది కింద పెట్టి మణికట్టు తిప్పండి. నొప్పి మొదలైనా ఇంకొక్క వరసే కదా అనుకుని కూర్చుంటే మరుసటి రోజు రొట్టె తట్టలేరు, జొన్నరొట్టె అసలే.

గుండ్రంగా అల్లడం, కాస్త లెక్క

సంచికి అడుగు గుండ్రంగా రావాలి. గుండ్రం గుట్టు ఏంటంటే ప్రతి చుట్టుకీ ఎన్ని కుట్లు పెంచాలన్నదే. చుట్టుకొలత వ్యాసార్థానికి 6.28 రెట్లు ఉంటుందని బడిలో చదువుకున్నాం కదా, ఆ లెక్క నా జీవితంలో మొదటిసారి పనికొచ్చింది ఇక్కడే. సింగిల్ ఎత్తూ వెడల్పూ దాదాపు ఒకటే కాబట్టి ఒక్కో చుట్టుకి 6 కుట్లు పెంచితే బల్లపరుపుగా వస్తుంది. డబుల్ రెండింతల ఎత్తు కాబట్టి 12 పెంచాలి. అంటే డబుల్‌తో 12, 24, 36, 48.

తక్కువ పెంచితే అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంది. ఎక్కువ పెంచితే అంచు అలలు అలలుగా ముడుచుకుంటుంది, కోడిజుట్టు పువ్వు చూడండి, అచ్చం అలాగే. ఆ తప్పుకి ఒక గౌరవం కూడా ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లాట్వియా గణిత శాస్త్రజ్ఞురాలు డైనా తైమిన్యా 1997లో కావాలనే క్రమం తప్పకుండా కుట్లు పెంచుకుంటూ అల్లి, కాగితం మీద గీసి చూపించడం కష్టమైన హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచు వైపు పోయేకొద్దీ అలలు తిరిగే తలాన్ని, విద్యార్థుల చేతుల్లో పెట్టింది. కాబట్టి మీ మొదటి గుండ్రం ముడుచుకుపోతే సిగ్గుపడక్కర్లేదు, రెండు వరసలు విప్పి లెక్క చూసుకుంటే చాలు.

ఎర్రగడ్డల సంచి

రాష్ట్రంలో ఎర్రగడ్డ అనగానే కర్నూలు మార్కెట్ యార్డు పేరే చెప్తారు, మా ఇళ్ళల్లో రెండు మూడు కిలోలు ఎప్పుడూ ఉంటాయి. గాలి తగలకపోతే కుళ్ళుతాయి. జాలీ సంచి కావాల్సింది అందుకే. ఈ కొలత రెండు కిలోలకు.

అడుగుతో మొదలుపెట్టండి. 4 చైన్లు వేసి మొదటి చైన్‌లో స్లిప్ స్టిచ్‌తో కలిపితే చిన్న రింగు అవుతుంది. 3 చైన్లు వేయండి, ఇది మొదటి డబుల్. రింగు కన్నులోకి మరో 11 డబుల్స్ వేసి, మొదటి మూడు చైన్ల తలమీద స్లిప్ స్టిచ్‌తో కలపండి. 12 అయ్యాయి. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, 24. మూడో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, పక్కదాంట్లో రెండు, అలా తిరిగితే 36. నాలుగో చుట్టులో ఒకటి, ఒకటి, రెండు, 48. ప్రతి చుట్టూ 3 చైన్లతో మొదలవుతుంది, అవి ఒక డబుల్ అని మరవొద్దు. ఇప్పటికి అరచేయంత బిళ్ళ వస్తుంది. ప్రతి చుట్టు చివరా లెక్కపెట్టండి, నేను పెట్టకుండా నాలుగు చుట్లు పోయి 45 దగ్గర ఇరుక్కున్నాను.

ఇక జాలీ. 5 చైన్లు వేసి, రెండు కుట్లు వదిలి మూడో కుట్టులో సింగిల్. మళ్ళీ 5 చైన్లు, రెండు వదిలి మూడో దాంట్లో సింగిల్. ఒక్కో 5 చైన్ల వంపు ఒక కమాను, 48 కుట్లకు 16 కమానులు వస్తాయి. చుట్టు పూర్తయ్యాక కలపాల్సిన పని లేదు, 5 చైన్లు వేసి నేరుగా కింది చుట్టులోని మొదటి కమాను మధ్యలోకి సూది గుచ్చి సింగిల్ వేసి, అలా సుళ్ళు తిరుగుతూ పోవడమే. చైన్ కుట్టులో కాదు, కమాను కింద ఖాళీలోంచి సూది పోవాలి. ఎక్కడ చుట్టు మొదలైందో పిన్నీసు పెట్టుకుని, చుట్టు చుట్టుకీ పైకి మార్చుకోండి. సంచి జానెడు ఎత్తు వచ్చేదాకా, 14, 15 చుట్లు పడుతుంది. ఈ భాగం చూడకుండానే అల్లేయొచ్చు, నేను సీరియల్ చూస్తూ అల్లాను, మా అత్తతో మాట్లాడుతూ అల్లాను, కరెంటు పోతే చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ కూడా అల్లాను. క్రోషేలో ఆనందం ఎక్కడుందంటే నేను ఈ 15 చుట్లు చూపిస్తా. చేతికి పని ఉంటుంది, తలకి ఉండదు, పొద్దున్నుంచీ పడ్డ టెన్షన్ ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

పై అంచుకి ప్రతి కమానులో 3 సింగిల్స్ వేస్తే మళ్ళీ 48 అవుతాయి. దాని మీద ఇంకో రెండు చుట్లు సింగిల్. తర్వాత పిడులు: 14 సింగిల్స్, 30 చైన్లు, 10 కుట్లు వదిలి మళ్ళీ 14 సింగిల్స్, 30 చైన్లు, 10 వదలండి. తర్వాతి చుట్టులో అన్నిటి మీదా, చైన్ల మీద కూడా ఒక్కో సింగిల్ వేస్తే 88 రావాలి. ఇంకో రెండు చుట్లు వేసి ముగించండి.

పిడికి 30 చైన్లు తక్కువ అనిపిస్తుంది. నాకూ అనిపించే 60 వేశాను. నూలు అల్లిక బరువుకి సాగుతుందని అప్పుడు తెలియదు. రెండు కిలోలు పోసి గోడ మేకుకి తగిలిస్తే సాయంత్రానికి సంచి దిగి గట్టు మీద కూర్చుంది.

చివర దారం జానెడు వదిలి కత్తిరించి, ఉచ్చులోంచి పూర్తిగా లాగండి. ఆ కొసను దబ్బనంతో కుట్ల లోపల ఒక వైపు నాలుగు అంగుళాలు పోనిచ్చి, మళ్ళీ వెనక్కి తెచ్చి కత్తిరించండి. ముడి వేసి వదిలేస్తే రెండో ఉతుకులో బయటికొస్తుంది. రంగు దారమైతే వాడకముందే కాసేపు నీళ్ళలో నానబెట్టి తెల్లగుడ్డలో అదిమి చూడండి, రంగు దిగితే విడిగా ఉతకాలి.

సొంత బొమ్మ వేయడం

సంచి అయ్యాక మీ చేతికి ధైర్యం వస్తుంది. ఇప్పుడు పిల్లల లెక్కల గళ్ళ నోటుబుక్కు ఒకటి తీసుకోండి. గళ్ళ అల్లిక అని ఒక పద్ధతుంది: ఖాళీ గడి, నిండు గడి, అంతే. ఖాళీ గడి అంటే 2 చైన్లు వేసి కింద రెండు కుట్లు వదిలి ఒక డబుల్. నిండు గడి అంటే వరసగా 3 డబుల్స్. నోటుబుక్కులో పెన్సిల్‌తో నింపిన గడి అల్లికలో నిండు గడి అవుతుంది. దీపం, తులసికోట, చిలక, పిల్లల పేరులో మొదటి అక్షరం, ఏదైనా గళ్ళల్లో పట్టేది వేయొచ్చు.

ఎన్ని చైన్లు వేయాలో లెక్క తేలికే. గళ్ళ సంఖ్యను మూడుతో గుణించి మూడు కలపండి. 11 గళ్ళకు 36 చైన్లు. మొదటి వరస మొత్తం నిండు గళ్ళే పెట్టండి, సూది నుంచి నాలుగో చైన్‌లో డబుల్ మొదలుపెడితే 34 డబుల్స్ వస్తాయి. రెండో వరస నుంచి మీ బొమ్మ. రెండు అంచుల్లోనూ ఒక్కో నిండు గడి ఉంచుకుంటే వరస మొదలు ఎప్పుడూ 3 చైన్లే, తికమక ఉండదు. మధ్యలో ఒక గడి ఉండేలా బేసి సంఖ్య తీసుకుంటే బొమ్మ రెండు వైపులా సమానంగా కుదురుతుంది. కాగితం మీద గడి చదరమే కానీ అల్లికలో కొందరికి కాస్త పొట్టిగా, కొందరికి కాస్త పొడుగ్గా వస్తుంది, చేతి బిగువును బట్టి. అందుకే ముందు ఐదు గళ్ళ ముక్క అల్లి చూసుకుని, పొట్టిగా వస్తే బొమ్మకి ఒక వరస కలపండి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు గుమ్మానికి తోరణం అల్లమంటే, మన ఊరు గుర్తుండేలా కొండారెడ్డి బురుజు వేద్దామనుకున్నాను. నోటుబుక్కులో రెండు రాత్రులు చెరిపి చెరిపి గీశాను. అల్లి చూస్తే నీళ్ళ ట్యాంకు వచ్చింది. మా ఆయన మున్సిపాలిటీ ట్యాంకా అనడిగాడు. విప్పి, పైన గడి వదిలి గడి పళ్ళు పెట్టి, మధ్యలో తలుపుకి నాలుగు గళ్ళు ఖాళీ వదిలి మళ్ళీ అల్లాను. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు, చూడగానే "బురుజు" అన్నారు. వేరేవాళ్ళ డిజైన్ చూసి అల్లినవి అప్పటికి డజను పైనే ఉంటాయి, వాటిలో ఒక్కదాని మీదా నేను రెండు రాత్రులు చెరుపుకుంటూ కూర్చోలేదు. రంగులకి కూడా బయట వెతకొద్దు, ధర్మవరం పట్టుచీర ఒకటి బీరువాలో ఉంటే అంచు రంగూ చీర ఒంటి రంగూ పక్కపక్కన పెట్టి చూడండి, దుకాణంలో ఏ రెండు ఉండలు తీయాలో అది చెప్తుంది.

తోరణం కంటే ముందు చిన్నది కావాలంటే పెరుగు గిన్నె మూత అల్లండి. ఇందాకటి లెక్కలోనే డబుల్స్‌తో గుండ్రం, గిన్నె మూతి కంటే రెండు అంగుళాలు ఎక్కువ వచ్చేదాకా. అంచు చుట్టులో మూడు కుట్లకొకటి చొప్పున పూస పడాలి. పూసల కన్నులోంచి మీ దారం దూరుతుందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. ఆ చుట్టు మొదలుపెట్టే ముందే దారం తెంపి, పూసలన్నీ కొత్త దారానికి ఎక్కించుకుని, కావాల్సినప్పుడు ఒకటి సూది దగ్గరికి జరుపుకుని కుట్టు వేయాలి. ఆ బరువుకి మూత ఫ్యాన్ గాలికి ఎగరదు, గిన్నెలోకి గాలి ఆడుతుంది, ఈగ వాలదు.

అమ్మమంటారు

అంటారు, తప్పకుండా అంటారు. "ఇంత బాగా అల్లావు, అమ్మొచ్చు కదక్కా" అని. అమ్మండి, తప్పేం లేదు, కానీ ముందు ఒక లెక్క రాసుకోండి. ఎర్రగడ్డల సంచికి నాకు ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. దారం ఖర్చు పక్కన పెట్టి, గంటకి మీ చేతి పనికి ఎంత కావాలో మీరే ఒక అంకె వేసుకుని గుణించండి. ఆ ధర చెప్తే బజారులో ప్లాస్టిక్ జాలీ సంచి ఇరవై రూపాయలే కదా అంటారు. నరసాపురం పక్క తరాల తరబడి లేసు అల్లిన ఆడవాళ్ళకి దక్కిన కూలీ ఎంత తక్కువో అత్తయ్య చెప్తే విన్నాను, అందుకే ఆమె నాకు నేర్పేటప్పుడు ఒక్కసారి కూడా వేగం గురించి మాట్లాడలేదు. మొదటి ఏడాది ఇంటికీ, ఇష్టమైనవాళ్ళకీ మాత్రమే అల్లమని నా సలహా. ఆర్డరు తీసుకున్న రోజు నుంచి రంగు వాళ్ళది, తొందర వాళ్ళది.

పనికిమాలిన ఉత్సాహంతో ఒకేసారి ఐదు పనులు మొదలుపెట్టకండి. రెండు చాలు, ఒకటి ఆలోచించాల్సినది, ఒకటి ఆలోచించక్కర్లేనిది. నాకిప్పుడు గళ్ళ నోటుబుక్కులో ఒక చిలక సగంలో ఉంది, దానికి ముక్కు కుదరడం లేదు. రెండోది మా అత్త పురమాయించిన తెల్లగడ్డల సంచి. పాత కొలతతోనే మొదలుపెట్టాను, 5 చైన్ల కమానులోంచి గడ్డలు టపటపా రాలాయి. విప్పాను. ఇప్పుడు 3 చైన్లతో, ఒక్క కుట్టు వదిలి, 24 కమానులతో అల్లుతున్నాను. ఇప్పటికైతే నిలుస్తున్నాయి.